హిస్టరీ అని కొంటే సగం హిస్టరీ వచ్చింది – జాక్సన్ హిట్స్‌లో అసలు ఏది కొనాలి?

పర్లాకిమిడి_ప్రసాద్
బరంపురంలో ఒక పాత క్యాసెట్ల షాపు మూసేస్తున్నారని తెలిసి మొన్న ఆదివారం వెళ్లాను. మైకేల్ జాక్సన్ హిస్టరీ సీడీ ఉందా అంటే ఉందని ఒకటి తీసి ఇచ్చాడు. పేరులో హిస్టరీ ఉంది, వెనక బిల్లీ జీన్ ఉంది, ఇంకేం చూస్తాం, డబ్బులిచ్చి వచ్చేశా. ఇంటికొచ్చి తీస్తే ఒకటే డిస్కు, 15 పాటలు. స్క్రీమ్ లేదు, ఎర్త్ సాంగ్ లేదు, నేను ముఖ్యంగా దే డోంట్ కేర్ అబౌట్ అస్ కోసం కొన్నాను, అదీ లేదు. ఫోన్ చేస్తే "అది అంతే వస్తుంది బాబూ, సీలు చూసే కదా కొన్నావు" అంటాడు. సీలు ఉన్న మాట నిజమే. రెండో డిస్కు లేకుండా ప్యాక్ చేశారా, లేక ఇది వేరే సరుకా? ఇంకోటి, ఇతనికి గ్రేటెస్ట్ హిట్స్ అని ఎన్ని ఆల్బమ్‌లు ఉన్నాయి అసలు? నంబర్ వన్స్, ఎసెన్షియల్, కింగ్ ఆఫ్ పాప్... ఎందులో చూసినా అవే పాటలు. ఒక్కటి కొనాలంటే ఏది కొనాలో చెప్పండి.

అప్పడాల_బరంపురం
మా ఊరు వచ్చి మోసపోయానని ఊరంతా టముకు వేస్తున్నావా. అప్పడాలు కొనుక్కుని పోవాల్సింది, వాటిలో రెండో డిస్కు గొడవ ఉండదు.

గుణుపురం_గువ్వ
డిస్కు మీద పూర్తి పేరు ఏం రాసుందో చూసి పెట్టండి. గ్రేటెస్ట్ హిట్స్ హిస్టరీ వాల్యూమ్ వన్ అనుంటే షాపు ఆయన చెప్పింది కరెక్టే.

పర్లాకిమిడి_ప్రసాద్
అవును, అదే ఉంది. చిన్న అక్షరాల్లో.

రాయగడ_రికార్డులు
అయితే నీకు రావాల్సిందంతా వచ్చింది ప్రసాదూ, ఏదీ పోలేదు. కథ ఇదీ. హిస్టరీ మొదట వచ్చింది జూన్ 1995లో. రెండు డిస్కులు. మొదటి దాంట్లో 15 పాత హిట్లు, రెండో దాంట్లో 15 కొత్త పాటలు. ఆ పాత 15 కూడా నాలుగు ఆల్బమ్‌ల నుంచే: ఆఫ్ ది వాల్ నుంచి మూడు, థ్రిల్లర్ నుంచి ఐదు, బ్యాడ్ నుంచి నాలుగు, డేంజరస్ నుంచి మూడు. అంతకుముందు మోటౌన్ కంపెనీలో పాడిన చిన్ననాటి పాటలు ఒక్కటీ లేవు. స్క్రీమ్, ఎర్త్ సాంగ్, యు ఆర్ నాట్ అలోన్, నీకు కావాల్సిన పాట, అన్నీ రెండో డిస్కులోవి. ఆ తర్వాత 2001 నవంబరులో ఆ మొదటి డిస్కునే విడదీసి, గ్రేటెస్ట్ హిట్స్ అని పేరు పెట్టి విడిగా అమ్మారు. నీ చేతిలో ఉన్నది అదే. ఇన్‌విన్సిబుల్ వచ్చి పట్టుమని నెల కూడా కాలేదు అప్పటికి. కొత్త ఆల్బమ్ పక్కన పాత హిట్లు కూడా షాపులో ఉంటే రెండూ పోతాయని లెక్క.

వాల్యూమ్ టూ కోసం మాత్రం వెతక్కు. అది రాలేదు.

అప్పడాల_బరంపురం
వాల్యూమ్ వన్ అని పెట్టి టూ తియ్యకపోవడం మన సినిమా వాళ్ల దగ్గరే నేర్చుకుని ఉంటాడు.

జయపురం_మాస్టారు
ఇలాంటివి కొనడమే దండగ అంటాను నేను. థ్రిల్లర్ అనే ఆల్బమ్‌ని తొమ్మిది పాటల వరసలో వినాలి. దాని నిర్మాత క్విన్సీ జోన్స్ ఆ వరస ఊరికే పెట్టలేదు. ముందు గట్టిగా ఎత్తుకుని, మధ్యలో ఊపు పెంచి, చివరికి నెమ్మదిగా దించుతాడు. దాన్ని కోసి ఒక ముక్క ఇక్కడ, ఒక ముక్క అక్కడ పెట్టి మళ్లీ మన దగ్గరే డబ్బు తీసుకుంటే దాన్ని వ్యాపారం అంటారు. 1995లో అయితే మరీ దారుణం. కొత్త పాటలు కావాలంటే మన దగ్గర ఉన్న పాత 15 మళ్లీ కొనాలి, రెండు డిస్కుల ధర పెట్టాలి.

గుణుపురం_గువ్వ
మాస్టారూ, మీ దగ్గర నాలుగు ఆల్బమ్‌లూ ఉన్నాయి కాబట్టి దండగ. మా ఇంట్లో టేప్ రికార్డర్ ఉండేది కానీ క్యాసెట్లకి డబ్బు ఉండేది కాదు. హిస్టరీ మొదటి క్యాసెట్ మా పిన్ని కొడుకు విశాఖ నుంచి తెచ్చాడు, నాకు జాక్సన్ అంటే ఆ ఒక్క క్యాసెట్టే. నాలుగు ఆల్బమ్‌ల మంచి ఒకచోట దొరికింది. ఆ రోజుల్లో నాలాంటి వాళ్లు చాలామంది.

ఇచ్ఛాపురం_అవతల
గువ్వమ్మ చెప్పినదానికి నేను సాక్షి. మాది రికార్డింగ్ షాపు ఉండేది (పేరు వద్దులే, ఇప్పుడు అక్కడ మొబైల్ రీచార్జులు). జనం పేపరు మీద పాటల పేర్లు రాసి ఇచ్చేవారు, ఖాళీ క్యాసెట్ తెచ్చుకుంటే ఒక రేటు, మాది అయితే ఒక రేటు. తెలుగు, ఒడియా, హిందీ, అన్నీ ఒకే చీటీ మీద ఉండేవి. ఒకాయన ఏ వైపు జగన్నాథుడి భజనలు, బీ వైపు బీట్ ఇట్, బిల్లీ జీన్ చేయించుకున్నాడు, పొద్దున ఏ వైపు వేసి సాయంత్రం పిల్లలకి బీ వైపు తిప్పేవాడంట. 60 నిమిషాల క్యాసెట్ అంటే వైపుకి 30 నిమిషాలే, చివరి పాట సగంలో తెగేది, తిట్లు నాకు. కాబట్టి హిట్స్ ఆల్బమ్ కంపెనీల కంటే ముందు మన ఊళ్లలో మేమే చేశాం, రాయల్టీ ఇవ్వలేదు అంతే తేడా.

సిరొంచ_గోదారి
ఇవ్వలేదు అని ఎంత ధైర్యంగా రాశావ్ అన్నా.

ఇచ్ఛాపురం_అవతల
షాపే లేదు, ఎవడొచ్చి పట్టుకుంటాడు.

బల్లార్షా_బొగ్గు
హిస్టరీ అంటే మా ఇంట్లో వేరే గోల. మా అన్నయ్య 1 నవంబరు 1996న ముంబైలో అంధేరీ స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో జాక్సన్ షోకి వెళ్లాడు. నాన్నకి గనిలో నైట్ షిఫ్ట్, అన్నయ్య నాగపూర్‌లో ఇంటర్వ్యూ ఉందని చెప్పి ముంబై రైలెక్కేశాడు. అది హిస్టరీ టూర్. ఆయన చెప్పేదాన్ని బట్టి జాక్సన్ కనిపించింది వేలెడంత, మిగతాదంతా లైట్లూ జనం వీపులూ. అయినా ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆ టాపిక్ తేకుండా ఉండడు. ఇంటికి వచ్చాక నాన్న ఏం చేశాడన్నది మాత్రం చెప్పడు, అది నేను చెప్తాను.

రెండు క్యాసెట్ల సెట్టు మా దగ్గర ఉంది ఇప్పటికీ. రెండో క్యాసెట్ అరిగిపోయింది, మొదటిది కొత్తదానిలా ఉంది. అంటే మా ఇంటి లెక్క ప్రకారం పాత హిట్లు ఎవరికీ అక్కర్లేదు.

జయపురం_మాస్టారు
అదే నేను చెప్పేది.

రాయగడ_రికార్డులు
అది మీ ఇంటి లెక్క బొగ్గూ, దేశం లెక్క వేరే. అమెరికాలో రికార్డు కంపెనీల సంఘం మొత్తం అమ్మకాలకి ఇచ్చే సర్టిఫికెట్లలో పై మెట్టు మీద ఉన్నది ఒక హిట్స్ ఆల్బమే, ఈగిల్స్ వాళ్ల 1971-1975 గ్రేటెస్ట్ హిట్స్. 2018లో థ్రిల్లర్‌నే కిందికి తోసి 38 ప్లాటినమ్‌లతో (ఒక్కోటి పది లక్షల లెక్క) అది పైకి పోయింది. మాస్టారు అన్నట్టు వరసలో వినాల్సినవే అన్నీ అయితే జనం అంతగా ఎందుకు కొంటారు?

ఇంకో తమాషా, ఆ లెక్కల్లో హిస్టరీ లాంటి పొడుగాటి రెండు డిస్కుల ఆల్బమ్ ఒకటి అమ్మితే రెండుగా వేస్తారు. కాబట్టి ప్లాటినమ్ అంకె చూసి అన్ని లక్షల ఇళ్లలో ఉందనుకోకండి.

జయపురం_మాస్టారు
జనం ఎక్కువ కొన్నదే గొప్పదైతే ఈ చర్చే అక్కర్లేదు, పాన్ మసాలా గురించి మాట్లాడుకుందాం.

అప్పడాల_బరంపురం
మాస్టారు ఫామ్‌లో ఉన్నారు ఇవాళ.

పర్లాకిమిడి_ప్రసాద్
ఇద్దరూ పెద్దవాళ్లు, కొట్టుకోండి, కానీ నా ప్రశ్నకి జవాబు? నంబర్ వన్స్ కొంటే ఒక్క డిస్కులో సరిపోతుందా?

సిరొంచ_గోదారి
నంబర్ వన్స్ 2003 నవంబరుది. అందులో హిస్టరీ మొదటి డిస్కులో లేని పాటలు ఉన్నాయి, స్మూత్ క్రిమినల్, డర్టీ డయానా. ఆ రెండూ హిస్టరీలో ఎందుకు పెట్టలేదో నాకు ఇప్పటికీ కోపమే, ది గర్ల్ ఈజ్ మైన్‌కి చోటుంది, స్మూత్ క్రిమినల్‌కి లేదా? ఎర్త్ సాంగ్, యు ఆర్ నాట్ అలోన్ కూడా ఉన్నాయి. వన్ మోర్ చాన్స్ అని ఒక కొత్త పాట కూడా. అట్ట నాలుగు రకాల బొమ్మలతో వచ్చింది, పిచ్చి ఉన్నోళ్లు నాలుగూ కొన్నారు.

రాయగడ_రికార్డులు
పేరు మాత్రం నమ్మకు. నంబర్ వన్స్ అంటారు, థ్రిల్లర్ అమెరికాలో 4వ స్థానం దాకా పోయింది, స్మూత్ క్రిమినల్ 7వ స్థానం. ఎర్త్ సాంగ్ అక్కడ సింగిల్‌గా విడుదలే కాలేదు.

గుణుపురం_గువ్వ
అమెరికా ఒక్కటే లోకమా? ఎర్త్ సాంగ్ 1995 క్రిస్మస్‌కి బ్రిటన్‌లో నంబర్ వన్.

రాయగడ_రికార్డులు
సరే తల్లీ, ఒప్పుకుంటా. కానీ అసలు గొడవ పేరు దగ్గర లేదు, కోతల దగ్గర ఉంది. డోంట్ స్టాప్ టిల్ యు గెట్ ఇనఫ్ పాట హిస్టరీలో పూర్తిగా 6 నిమిషాలు వస్తుంది. నంబర్ వన్స్‌లో 4 నిమిషాలు కూడా ఉండదు. థ్రిల్లర్ కూడా కత్తిరించిందే. బ్లాక్ ఆర్ వైట్ మొదట్లో తండ్రీ కొడుకుల గోల ఉంటుంది చూడు, గిటార్ మోతకి తండ్రి ఎగిరిపోతాడు, అది హిస్టరీలో ఉంది, నంబర్ వన్స్‌లో ఎగరగొట్టారు. 18 పాటలు ఒక్క డిస్కులో కూరాలంటే ఎక్కడో అక్కడ కొయ్యాలి కదా. ఇచ్ఛాపురం గారి 30 నిమిషాల బాధే కంపెనీకీ వచ్చింది.

అందుకే ప్రసాదూ, నీ చేతిలో ఉన్న సీడీని తక్కువగా చూడకు. ఆ 15 పాటల వరకు అదే మంచి కాపీ.

ఇచ్ఛాపురం_అవతల
నేను కోస్తే తిట్లు, వాళ్లు కోస్తే ఎడిట్.

బల్లార్షా_బొగ్గు
హిస్టరీలో కూడా ఒక కోత ఉంది. ఐ జస్ట్ కాంట్ స్టాప్ లవింగ్ యు మొదట్లో 1987 బ్యాడ్ క్యాసెట్‌లో జాక్సన్ మెల్లిగా మాట్లాడతాడు, గుసగుసగా. హిస్టరీలో అది లేదు, నేరుగా పాట మొదలు. మా అక్క ఆ మాటలు తీసేశారని తెగ బాధపడింది.

జయపురం_మాస్టారు
తీసేసి మంచిపనే చేశారు.

సిరొంచ_గోదారి
ఈ గొడవంతా ఎందుకు, ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా. పూర్తివీ, కత్తిరించినవీ, రీమిక్సులూ. మేం గోదావరి ఒడ్డున కూర్చుని వింటాం, సిగ్నల్ ఉన్నంతసేపు.

రాయగడ_రికార్డులు
సిగ్నల్ ఉన్నంతసేపు అని నువ్వే అన్నావు. అతను పోయాక 2010లో వచ్చిన మైకేల్ అనే ఆల్బమ్‌లో మూడు పాటలు పాడింది అసలు జాక్సనేనా అని ఏళ్ల తరబడి గొడవ జరిగింది, కోర్టు దాకా పోయారు. 2022లో ఆ మూడూ స్ట్రీమింగ్ నుంచి తీసేశారు. మంచిదో చెడ్డదో, ఫోన్లో ఉన్నవాళ్లకి పోయాయి, డిస్కు ఉన్నవాడి ఇంట్లో ఉన్నాయి.

ప్రసాద్ వెతుక్కుంటూ వెళ్లిన పాట విషయమూ అంతే. దే డోంట్ కేర్ అబౌట్ అస్ మొదట వచ్చిన రూపంలో యూదులను కించపరిచే మాటలు ఉన్నాయని 1995లో పెద్ద గోల అయింది. పాట ఉద్దేశం అది కాదని అతను చెప్పుకున్నాడు, చివరికి క్షమాపణ చెప్పి మార్చాడు. తర్వాత అచ్చయిన కాపీల్లో ఆ మాటల మీద శబ్దం పడి వినపడవు. అంటే హిస్టరీ అనే ఒకే పేరుతో రెండు రకాల డిస్కులు బయట తిరుగుతున్నాయి. మొదటి అచ్చు అని చెప్పి కొందరు రేటు పెంచి అమ్ముతారు, వినకుండా కొనకు.

గుణుపురం_గువ్వ
నాకైతే మార్చిందే కావాలి. ఎవరినో నొప్పించే మాట ఉన్న కాపీని గొప్పగా దాచుకోవడం ఏమిటో.

రాయగడ_రికార్డులు
దాచుకునేది మాట కోసం కాదమ్మా, అసలు ఏం జరిగిందో తెలియడానికి. ఆల్బమ్‌కి హిస్టరీ అని పేరు పెట్టి, చరిత్రే చెరిపేస్తే ఎలా?

గుణుపురం_గువ్వ
చెరిపింది పాడినవాడే కదా. అతనికి ఆ హక్కు లేదా?

జయపురం_మాస్టారు
ఈ ఒక్క విషయంలో గువ్వ గారి పక్షం. పాడినవాడు తన మాట వెనక్కి తీసుకుంటే మనం పట్టుకుని వేలాడకూడదు.

అప్పడాల_బరంపురం
మాస్టారు, గువ్వ ఒకే పక్షం. ఈ తేదీ రాసిపెట్టుకోండి.

సిరొంచ_గోదారి
ఈ లోపు ఒకటి చెప్పాలి, హిట్స్ ఆల్బమ్ పవర్ ఏంటో 2009 జూన్‌లో తెలిసింది. అతను చనిపోయిన వారం అమెరికాలో నంబర్ వన్స్ మిగతా అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది, కానీ అక్కడి బిల్‌బోర్డ్ పత్రిక వేసే పెద్ద చార్టులో మొదటి స్థానం ఇవ్వలేదు. ఎందుకంటే 18 నెలలు దాటి, చార్టులో 100 కంటే కిందికి జారిన ఆల్బమ్‌లు పాత సరుకు లెక్క, వాటికి వేరే చార్టు. అన్నిటికంటే ఎక్కువ అమ్మినా నంబర్ వన్ కాదు, దాని పేరేమో నంబర్ వన్స్! ఆ ఏడాది చివర్లో రూలే మార్చేశారు. బ్రిటన్‌లో ఆ పట్టింపు లేదు, ముందు నంబర్ వన్స్, తర్వాత ఎసెన్షియల్ వారాల తరబడి పైన కూర్చున్నాయి.

పర్లాకిమిడి_ప్రసాద్
ఎసెన్షియల్ సంగతి ఎవరూ చెప్పలేదు. అందులో రెండు డిస్కులు అంటున్నారు.

రాయగడ_రికార్డులు
2005లో వచ్చింది, 38 పాటలు. దీని గొప్ప ఏమిటంటే అన్నదమ్ముల బృందం జాక్సన్ ఫైవ్ రోజుల ఐ వాంట్ యు బ్యాక్ నుంచి మొదలవుతుంది, చిన్నపిల్లాడి గొంతు నుంచి పెద్దయ్యేదాకా వినొచ్చు. హిస్టరీలో అది దొరకదు. 2008లో దీనికే మూడో డిస్కు కలిపి 3.0 అని మళ్లీ అమ్మారు, అదే ఏడాది 50వ పుట్టినరోజుకి కింగ్ ఆఫ్ పాప్ తీశారు. ఒక్కో దేశంలో అభిమానుల ఓట్లు తీసుకుని ఒక్కో జాబితా వేశారు, దేశం మారితే పాటలు మారతాయి. అమెరికాలో మాత్రం అసలు అమ్మలేదు. అన్ని దేశాలవీ పోగేసేవాళ్లు ఉన్నారు, వాళ్లకి దండం.

ఇచ్ఛాపురం_అవతల
ఓటు వేసి జాబితా అంటే నా షాపులో చీటీ లాంటిదే. కానీ నా దగ్గర ప్రతి మనిషికీ ఒక ఎడిషన్.

బల్లార్షా_బొగ్గు
కొత్త పాటలే కావాలంటే బ్లడ్ ఆన్ ది డాన్స్ ఫ్లోర్ కూడా చూసుకో ప్రసాద్. 1997ది. ఐదు కొత్త పాటలు, ఎనిమిది హిస్టరీ పాటల రీమిక్సులు. హిస్టరీ పాటల్నే ఇంకోసారి అమ్మడం అంటే అదీ అదే, కానీ ఆ ఐదూ బాగుంటాయి. మా ఊరి వినాయక చవితి పందిట్లో రికార్డింగ్ డాన్సుకి ఆ టైటిల్ పాట మీద ఒకడు చేస్తే పురోహితుడు గారు కూడా ఆగి చూశారు.

అప్పడాల_బరంపురం
మా దగ్గర ఠాకురాణి యాత్రకి (మా అమ్మవారి జాతర) వెండి రంగు పూసుకుని ఎవడో ఒకడు మూన్‌వాక్ చెయ్యడం మామూలే. ఇండియాస్ గాట్ టాలెంట్ 2009లో గెలిచిన ప్రిన్స్ డాన్స్ గ్రూప్ మా బరంపురం వాళ్లేనని ఈ సందర్భంగా మనవి. సందర్భం లేకపోయినా చెప్తాం.

పర్లాకిమిడి_ప్రసాద్
అయితే నాకు అర్థమైంది ఇది. పాత హిట్లు పూర్తిగా వినాలంటే నా దగ్గర ఉన్నదే చాలు. కొత్తవి కావాలంటే 1995 హిస్టరీ రెండు డిస్కులదీ వెతకాలి. అప్పుడు మొదటి డిస్కు నా దగ్గర రెండు ఉంటాయి!! మాస్టారు చెప్పిన వ్యాపారం అంటే ఇదే.

రాయగడ_రికార్డులు
వెతుకు, దొరుకుతుంది. కొనేటప్పుడు 52 పేజీల పుస్తకం లోపల ఉందో లేదో చూడు. ఎలిజబెత్ టేలర్, స్పీల్‌బర్గ్ లాంటివాళ్లు రాసినవి, ఫొటోలు, పాటల సాహిత్యం అన్నీ అందులోనే. పుస్తకం లేకపోతే సగం ధర అడుగు. నీ దగ్గర అదనంగా మిగిలే డిస్కు గువ్వ గారికి ఇచ్చెయ్, క్యాసెట్ అరిగిపోయుంటుంది ఈపాటికి.

గుణుపురం_గువ్వ
తీసుకుంటాను, ఊరికే వద్దు. గుణుపురం వచ్చినప్పుడు భోజనం పెడతాను. కానీ మా సీడీ ప్లేయర్ పాటని ఎగరేస్తుంది, బిల్లీ జీన్ మధ్యలో హఠాత్తుగా హీల్ ది వరల్డ్‌కి పోతుంది.

సిరొంచ_గోదారి
అది కూడా ఒక ఎడిషనే అక్కా.

ఇచ్ఛాపురం_అవతల
లెన్సు మీద దుమ్ము ఉండుంటుంది గువ్వమ్మా. మూత తీసి, దూది పుల్ల మీద కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి మెల్లిగా తుడువు, గట్టిగా నొక్కకు. నీళ్లు మాత్రం పోయకు. అప్పటికీ ఎగిరితే నా దగ్గరకి పంపు, షాపు లేదు గానీ స్క్రూడ్రైవర్ ఉంది.